లావణ్య అప్పజెప్పిన ప్రోగ్రాం

శనివారం, రాత్రి

పుప్పాలగూడ బడిలో మా సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడిపే కంప్యూటర్ క్లాసులో ఈ రోజు లావణ్య ప్రోగ్రాం మొత్తం నోట్సు చూడకుండా టైప్ చేసింది. ఒక్క తప్పు లేదు. కంప్యూటరుకు తగిలించిన చిన్న సర్క్యూట్ బోర్డు మీద లైటు వెలిగి ఆరుతుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

"ఇంకొంచెం నెమ్మదిగా వెలిగేలా చెయ్యమ్మా" అన్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అది నోట్సుల లేదు మేడం. ఉన్నదంతా బట్టీ పట్టిన."

పోయిన నెల వరకు స్క్రీన్ మీద తెలుగు మాటలున్న రంగుల బ్లాకులు జరుపుతూ, ఈ పిల్లే లైటును ఇష్టమొచ్చినట్టు ఆడించేది. నన్ను అడిగేది కూడా కాదు. ఇప్పుడు అన్నీ ఇంగ్లిషు లైన్లే. ఏ అంకె మార్చాలో చూపించాను. మార్చింది. ఆ లైను కూడా నోట్సులోకి ఎక్కించుకుంది.

ఎనిమిదో తరగతికి ఇంకా బ్లాకులేమిటి, ఆపేద్దాం అని ఆఫీసులో చెప్పింది నేనే. మళ్లీ పెడదామంటే, వెనక్కి పోవడం దేనికంటున్నారు.

బయలుదేరుతుంటే లావణ్య గేటు దాకా వచ్చింది.

"మేడం, వచ్చే వారానికి ఏది బట్టీ పట్టాలె?"

రెండో పేజీ అన్నాను.