ఒక్క లాగుకు జారాల్సిన ముసుగు

ప్రియమైన నాన్నకు,

విగ్రహం పూర్తయింది. నిజంగా పూర్తయింది! కొత్త ఆసుపత్రి వాకిట్లో నిలబెట్టేశారు. నిద్రపోతున్న రోగికి దుప్పటి కప్పుతున్న నర్సు. ఆ దుప్పటి మడతలు చెక్కేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

వచ్చే ఆదివారం ఆవిష్కరణ. అప్పటిదాకా దానిమీద ముసుగు ఉండాలి. పెద్ద డాక్టరుగారు తాడు పట్టుకుని ఒక్క లాగు లాగగానే జారిపోవాలి. టెంట్ల వాళ్లు గుడ్డ ఇస్తామన్నారు గానీ నేనే వద్దన్నాను. నా మొదటి పెద్ద విగ్రహం మీద మా నాన్న కుట్టిన గుడ్డే ఉండాలి. కొలతలు కాగితం వెనక రాశాను. కుట్టి పంపడం కాదు, నువ్వే తీసుకుని రా. నేను చెక్కినవి నువ్వు ఇంతవరకు ఒక్కటీ చూడలేదు. బాగుందో లేదో నీ నోటితో వినాలని ఉంది.

నీ రాక కోసం చూస్తూ,
నీ కూతురు

మా మొండి తల్లికి నాన్న ఆశీస్సులు.

ముసుగు పార్సిల్లో పంపుతున్నాను. నీలం గుడ్డ, ఎర్ర తాడు. ఇన్నేళ్లుగా లారీలకు, పడవలకు, ధాన్యం బస్తాలకు, సగం కట్టిన ఇళ్లకు కూడా టార్పాలిన్లు కుడుతున్నాను. నువ్వు పుట్టినప్పుడు పొత్తిగుడ్డలు కుట్టిందీ, మీ అమ్మ పోయినప్పుడు మీద గుడ్డ కప్పిందీ ఈ చేతులే. గాలివానలో కూడా నేను కట్టిన గుడ్డ ఊడిందని ఒక్కడూ అనలేదు. ఇప్పుడు నువ్వేమో ఊడిపోయేది కుట్టమంటావు! వంటవాణ్ణి పిలిచి ఉప్పు లేకుండా వండమన్నట్టుంది. సరే, నీ కోసం అదీ కుట్టాను. ఎర్ర తాడు లాగితే చాలు.

నేను మాత్రం రాలేను. వానలు దగ్గరపడ్డాయి, లారీల వాళ్లు నెత్తినెక్కి కూర్చున్నారు. అయినా అంతమంది పెద్దవాళ్ల మధ్య నేనేం మాట్లాడతాను? రాయి గురించి నాకేం తెలుసు?

ఇట్లు,
మీ నాన్న

నాన్నా,

ఎంత పని చేశావు! డాక్టరుగారు లాగారు, జారలేదు. ఇంకో ఇద్దరు సాయం పట్టారు. ఊహూ, కదిలితేగా! జనం ఒకటే నవ్వులు. భూమి చీలితే లోపలికి పోదామనిపించింది. ఎవరో కత్తెర తెమ్మన్నారు. అప్పుడు వెనక వరసలోంచి, "ఆగండయ్యా, కొయ్యకండి! కుట్టింది నేను!" అని నీ గొంతు. రానన్నవాడివి ఎప్పుడొచ్చావు? ఆ పెద్దవాళ్లందరినీ పక్కకు జరగమని, దిమ్మె చుట్టూ తిరిగి, కింద రెండు ముడులు విప్పావు. అప్పుడు జారింది. చప్పట్ల మధ్య నీకోసం వెతికితే నువ్వు లేవు. ఒక్క మాటైనా చెప్పకుండా బస్సెక్కేశావట.

నాకు కోపంగా ఉంది. ముసుగు సంగతి కాదు. నా బొమ్మ నచ్చలేదా? నచ్చకపోతే నచ్చలేదనే రాయి.

నీ కూతురు

బంగారు తల్లీ,

ఆ ముడులు వేసింది నేనే. మనసాగక ముందురోజు సాయంత్రమే వచ్చాను. ముసుగు సరిగ్గా వేశారో లేదో దూరం నుంచి చూసి పోదామనుకున్నాను. ఇంతలో గాలి లేచింది, గుడ్డ టపటపా కొట్టుకుంటోంది. ఎగిరే గుడ్డను చూసి కట్టకుండా ఈ చేతులు ఊరుకుంటాయా? అలవాట్లో పొరపాటు. డాక్టరుగారు తాడు లాగుతుంటే గానీ గుర్తు రాలేదు, నాలుక కరుచుకున్నాను.

ఇక బొమ్మ సంగతి. ముసుగు జారగానే దుప్పటి చూశాను. అంచు ఆ నర్సు వేళ్ల మధ్య ముడతపడి ఉంది, రోగి భుజం దగ్గర కాస్త జారి ఉంది. ఇన్నేళ్లు గుడ్డతో బతికినవాణ్ణి, సర్దుదామని చెయ్యి చాపాను. చల్లగా రాయి తగిలింది. ఏడుపు ఆగలేదమ్మా. అంతమందిలో నేను ఏడుస్తూ నిలబడితే నీకు బాగుంటుందా? అందుకే వచ్చేశాను. బాగుంది తల్లీ. బాగుందంటే చాలదు. మా అమ్మాయి చెక్కిందని బస్సులో పక్కాయనకు చెప్పాను, కండక్టరుకు చెప్పాను. కాకిపిల్ల కాకికి ముద్దంటారు, అననీ.

ఇవాళ కొట్టు బోర్డుకు కొత్త రంగు వేయించాను. 'ఇచ్చట టార్పాలిన్లు, పరదాలు కుట్టబడును' అన్నదాని కింద, 'ఆసుపత్రి ముందు విగ్రహం చెక్కింది మా అమ్మాయే' అని రాయమన్నాను. "కొట్టుకూ దానికీ ఏం సంబంధమండీ?" అన్నాడు పెయింటరు. "బోర్డు నాది, కూతురు నాది. నువ్వు రాయవయ్యా, అక్షరాలు పెద్దవి వెయ్యి" అన్నాను.

ఇట్లు,
విగ్రహం చెక్కినమ్మాయి నాన్న