బెత్తెడు కుంగిన బండి

అక్కా,

నువ్వు క్షేమమనీ, బావ గురక అంతకంటే క్షేమమనీ తలుస్తాను. నిన్ను నవ్వించడానికి కాదు ఈ ఉత్తరం. మనసులో ఒక ముల్లు దిగింది. నీకు తప్ప ఎవరికీ చూపించుకోలేను.

మన నాన్న బండి వెనక కుంగిపోయింది. ముసలి బండి కుంగదా అంటావు. విను. సిమెంటు కుండీలు ఎక్కిస్తే ఏ పికప్పైనా వంగుతుంది, దించగానే లేస్తుంది. ఇది ఖాళీగా ఉన్నా కుక్క కూర్చున్నట్టు కూర్చుంటోంది. వెనక చక్రానికీ పైన రేకుకీ మధ్య సందులో నాన్న నా చేత జాన పెట్టించేవాడు, గుర్తుందా? "జాన పట్టిందంటే బండికి ఏ రోగమూ లేనట్టే" అనేవాడు. మొన్న పెట్టి చూశాను. బెత్తెడు తగ్గింది.

మా ఆయన్ని అడిగాను. "దానికీ వయసైపోయింది. మనకి వంగట్లేదూ నడుములు?" అని నవ్వేశాడు. ఎప్పుడూ నా మొహం చూసి నవ్వే మనిషి, ఈసారి టైరును చూసి నవ్వాడు.

ఇంకో సంగతి. ఒక్క ట్రిప్పులో అయ్యే పనికి రెండు ట్రిప్పులు వేస్తున్నాడు. నర్సరీకి ముప్ఫై కుండీలంటే ఇదివరకు ఒకేసారి దించేసి భోజనం వేళకి ఇంట్లో ఉండేవాడు. ఇప్పుడు పదిహేను పట్టుకెళ్లి, మళ్లీ వచ్చి ఇంకో పదిహేను పట్టుకెళుతున్నాడు. ఎందుకలా అంటే "రోడ్డు బాలేదు" అంటాడు. ఆ రోడ్డు నిన్నగాక మొన్న వేశారు! ఎక్కించేటప్పుడు నన్ను దగ్గరికి రానివ్వడు. "నడుం పట్టేస్తుంది, లోపలికి పో" అంటాడు. నిరుడు కుండీ అచ్చు ఎత్తబోయి నేను పడ్డప్పటి నుంచీ ఆయనకి దొరికిన సాకు అది.

ఆ నర్సరీ ఆవిడ ప్రహరీ గోడ కట్టిస్తోంది. ఇటుకలు ఎవరు మోస్తున్నారనుకుంటున్నావు? సగం కుండీలకే బండి ఇంతలా కుంగుతుందా? నిన్న బండి వెనక తొట్టంతా ఊడ్చి చూశాను. ఇటుక పొడి రేణువు కూడా లేదు. అంటే కడిగి మరీ తెస్తున్నాడన్నమాట!

మోసినందుకు కాదక్కా నా బాధ. చెప్పి మోయొచ్చుగా. పద్దెనిమిదేళ్లుగా నేను కుండీలు పోస్తే ఆయన అమ్మాడు. ఇప్పుడు నేను వంగలేను, ఎత్తలేను, సగం మనిషినయ్యాను. సగం మనిషికి సగం నిజం చాలనుకున్నాడేమో. ఈ మాట నోటితో ఎవరికీ చెప్పలేదు, నీకు కాగితం మీద చెబుతున్నాను.

రేపు ఆయన ఇసుక మాట్లాడటానికి వెళతాడు. ఆ పూట నడుముకి బెల్టు బిగించుకుని బండి నేనే తోలుకుని, బండ్లకి కమాన్లు కట్టే మేస్త్రి దగ్గరికి వెళతాను. నిజం బండే చెబుతుంది.

నీ మోకాళ్లకి పంపిన నొప్పుల నూనె వాడుతున్నావా? మొదట్లో నడుము చూపించుకోడానికి బండిలో ఆస్పత్రికి వెళుతుంటే గుంత గుంతకీ నాకు ప్రాణం పోయేది. ఇప్పుడు ఉయ్యాల్లో వెళ్లినట్టుంది. అంతా ఆ నూనె మహిమే.

నీ చెల్లెలు

*

అక్కా,

ఇటుకలైనా బాగుండేది.

మేస్త్రికి చెప్పాను, షాకులు పోయినట్టున్నాయి, మార్చండని. ఆయన నవ్వాడు. "షాకులు ఊపుని ఆపుతాయి తల్లీ, బరువు మోయవు. మోసేది కమాను కట్టే" అన్నాడు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప పట్టీలు, నాన్న మనకి చూపించేవాడే, అదే. టేపుతో రెండు వైపులా కొలిచి, "మామూలుగా అరిగి కుంగితే ఓ పక్కకి ఒరుగుతుంది. ఇది రెండు పక్కలా సమానంగా దిగింది. నాకేదో తేడాగా ఉంది" అన్నాడు.

జాకీ పెట్టి కిందికి దూరాడు. ఒకటి, రెండు అని లెక్కపెడుతూ ఐదు దగ్గర ఆగాడు. మళ్లీ లెక్కపెట్టాడు. బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "మీ నాన్న నా చేతే వేయించారమ్మా, పక్కకి ఆరు పట్టీలు. ఐదే ఉన్నాయి. పక్కకొకటి ఎవరో ఊడదీశారు. బోల్టు చూడు, కొత్తది" అన్నాడు. పైగా ఎడమవైపు పెద్ద పట్టీ చీలి ఉంది. "దీని మీద లోడేసి తిరుగుతున్నారా? మీకు భూమ్మీద ఇంకా నూకలున్నాయి" అన్నాడు. బండి అక్కడే వదిలి బస్సులో వచ్చాను.

నాన్న పోయే ముందు అందర్నీ పిలిచి ఏమన్నాడు? "ఈ బండికి పానా పెట్టాలంటే చిన్నదాన్ని అడిగి పెట్టండి" అన్నాడు. మా ఆయన మంచం పక్కనే నిలబడి తలూపాడు. ఆ ఊపిన తలతోనే వెళ్లి పట్టీలు పీకి, పాత ఇనప సామాన్ల కొట్లో వేసుంటాడు. ఇవాళ పట్టీలు, రేపు ఇంజను, ఎల్లుండి నేను. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!

ఆయన్ని ఒక్క మాటా అడగలేదు. అడిగితే మాటలతో నన్ను బోల్తా కొట్టిస్తాడు. బండి మేస్త్రి దగ్గర సర్వీసుకిచ్చానని మాత్రం చెప్పాను. మొహంలో నెత్తురు చుక్క లేదు. అది చాలదా సాక్ష్యం?

బావని పంపు. ఆ బండి సగం నీది, తీసుకుపోండి. బండితో పాటు నేనూ వచ్చేస్తాను. బట్టలు సర్దుకున్నాను. నీ ఇంట్లో ఒక మూల చాలు నాకు.

నీ చెల్లెలు

*

మా బంగారు అక్కా,

బావని ఆపు. బయలుదేరిపోయుంటే రానివ్వు, కడుపునిండా పెట్టి పంపిస్తాను. నా ఉత్తరాల సంగతి మాత్రం మా ఆయన దగ్గర నోరు జారనని బావ చేత ఒట్టు వేయించు.

నీకు రాసిన మర్నాడు పొద్దున్నే పాకలో అలికిడైంది. తొంగిచూస్తే మా ఆయన సిమెంటు బస్తాల వెనక నుంచి నా పాత దుప్పటి చుట్టిన మూట ఒకటి లాగుతున్నాడు. దొరికావు దొంగా అనుకుని ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. దుప్పటి విప్పాడు. రెండు ఇనప పట్టీలు. ఒళ్లంతా గ్రీజు పూసి ఉన్నాయి, తుప్పు మరక ఒక్కటి లేదు.

"మేస్త్రికి ఇవి కావాలి. ఇచ్చొస్తాను" అన్నాడు.

"ఎందుకు తీశారు?"

గ్రీజు చేతులు దుప్పటికి తుడుచుకున్నాడు. "డాక్టరు కుదుపులు తగలకూడదన్నాడు కదా. మొదట్లో నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, గుంతొచ్చినప్పుడల్లా తువ్వాలు నోట్లో కుక్కుకునేదానివి, నాకు వినపడకూడదని. నాకు వినపడేది. పట్టీ తీస్తే బండి మెత్తబడుతుందని ఎవరో అన్నారు. నిన్ను రెండ్రోజులు ఆస్పత్రిలో పడుకోబెట్టినప్పుడు తీసేశాను."

"నాతో చెప్పాలిగా!"

"చెప్తే బండెక్కేదానివా?"

ఎక్కేదాన్ని కాదక్కా. నాన్న బండికి పానా పెట్టారా అని ఇల్లు పీకి పందిరేసేదాన్ని. అది ఆయనకీ తెలుసు.

రెండు ట్రిప్పులూ అందుకేనట. బలం తగ్గించిన బండి కదా, సగం సగమే వేసేవాడు. పోయిన నెల నర్సరీ ఆవిడ తొందరపెడితే నాలుగుసార్లు నిండా వేశాడు. అప్పుడే చీలి ఉంటుందన్నాడు, బజారుకెళ్లొచ్చినంత తేలిగ్గా! ఏ మలుపులోనో అది విరిగి ఆయన కుండీల కింద పడుంటే నా నడుము నిలబడి ఎవరిని ఉద్ధరించడానికి? చేతిలో గరిటె ఉంటే విసిరేశాను. తగలకుండానే విసిరాను. తర్వాత అక్కడే బస్తా మీద కూర్చుని ఏడ్చాను. ఇంట్లోకి వచ్చాక సర్దిన బట్టల సంచి చూశాడు, ఎక్కడికని అడగలేదు. తీసుకెళ్లి దాని చోట దాన్ని పెట్టేశాడు. నాకు సిగ్గుతో చావాలనిపించింది.

ఇద్దరం కలిసి మేస్త్రి దగ్గరికి వెళ్లాం. చీలిన దాని చోట కొత్త పట్టీ వేశాడు. పాత రెండూ చేతిలోకి తీసుకుని, "ఇవీ వేస్తే బండి లేస్తుంది. కానీ గట్టిపడుతుంది తల్లీ, గుంతల్లో నీకు తెలుస్తుంది" అన్నాడు. మా ఆయన నావైపు చూశాడు. "ఆరూ వేయండి" అన్నాను. బోల్టులు బిగించాక సందులో చెయ్యి పెట్టాను. జాన పట్టింది.

ఇంటికి వచ్చేటప్పుడు ఆయన తోలిన తోలుడికి చీమలు కూడా మమ్మల్ని దాటిపోయాయి. అయినా ఆస్పత్రి మలుపు దగ్గర గుంత తప్పలేదు. వెన్నులో కత్తి దిగినట్టయింది. చెయ్యి తువ్వాలు మీదికి వెళ్లింది, మళ్లీ తీసేశాను. "అమ్మా!" అని గట్టిగానే అరిచాను. బండి ఆపేశాడు.

"వినపడిందా?" అన్నాను.

"వినపడింది" అన్నాడు.

సీటు మీద పాత పరుపు మడిచి వేస్తాడట ఇక నుంచి. ఆ బుద్ధి ఏదో నిరుడే పుట్టి ఉంటే ఎంత బాగుండేది!

అన్నట్టు, ఆ నొప్పుల నూనె మీ తలుపు బందులకి రాసెయ్. అంతకంటే ఎందుకూ పనికిరాదు.

నీ అనుమానపు చెల్లెలు