కుడికాలి బ్రేసు

చిన్నోడా, అన్నం మూతపెట్టి ఉంచాను, వేడిగా ఉన్నప్పుడే తిను. తిన్నాకే మాత్ర వేసుకో. బ్రేసు పట్టీలు మరీ బిగించకు. బాత్రూమ్ నేల తడిగా ఉంది, గోడ పట్టుకుని నడువు.

పెయింటింగ్ మేస్త్రి మళ్ళీ ఫోన్ చేశాడు. “నిచ్చెన మీంచి పడి నాలుగు నెలలైంది, ఇంకెన్నాళ్ళు ఆగాలమ్మా?” అన్నాడు. నొప్పి ఇంకా తగ్గలేదనే చెప్పాను. అడిగినవాళ్ళందరికీ అదే చెప్పి చెప్పి నా నోరు నొప్పెడుతోంది.

అక్క

ఇంకోమాట. విరిగింది నీ కుడికాలి చీలమండ. పొద్దున నువ్వు నిద్రలో ఉండగా చూశాను, బ్రేసు ఎడమకాలికి ఉంది. లేపబోయి ఊరుకున్నాను. మళ్ళీ నిచ్చెన ఎక్కాలంటే భయమైతే భయమని చెప్పరా. నేను అక్కనిరా, మేస్త్రిని కాను.