నాయన లేపిన రోమ్ గోడ

గుడియాత్తం, మంగళవారం

నాయన చేత ఆ బొమ్మ కట్టించడం నా తప్పేనా? గోడ కట్టేటప్పుడు ఎక్కే సారం మీంచి, ఆ కొయ్యల మీంచి పడ్డప్పటి నుంచి మేస్త్రీ పని లేక ఊరికే కూర్చున్నాడని, నేను పనిచేసే బొమ్మలంగడి అద్దాల బీరువాలో కట్టి పెట్టాల్సిన రోమ్ కోట పెట్టెను ఇంటికి తెచ్చిచ్చాను. ప్లాస్టిక్ ఇటుకలే కదా అనుకున్నాను.

పెట్టె మీది పటంలో ఒక గోడ సగం కూలి ఉంటుంది. నాయన, కూలినట్టు కింద పరచాల్సిన రాళ్లన్నీ ఏరి, గోడను పైదాకా లేపేశాడు.

"కూలిన గోడ ఎవురైనా కడతారామ్మా?" అన్నాడు.

ఈరోజు వేలూరులో మా అంగడి ఓనర్ చూసి, "రోమ్ మ్యూజియం వాళ్లు అనుమతిచ్చిన బొమ్మ ఇది. పెట్టె మీద ఎట్లుండాదో అట్లే ఉండాల. పీకెయ్" అన్నాడు. అదీ నిజమే. మరి నాయన చెప్పింది?

నేనే పీకాను. నిజం గోడకు మల్లే జాయింటు మీద జాయింటు పడకుండా పేర్చాడు, ఒక పట్టాన ఊడి రాలేదు.

ఇంటికి రాగానే అడిగాడు: "గోడ చూసి ఏమన్న్యారు?"

"బాగుందన్నారు నాయనా."

ఆదివారం తనూ అంగడికి వచ్చి చూస్తాడట. ఇస్త్రీ చేయమని తెల్లచొక్కా ఇచ్చాడు. అది నా ఒళ్లోనే ఉంది.