మా కౌంటర్లో మొదటి గుక్క

భార్గవ్,

పొద్దున పరీక్ష పట్టీ మీద రెండు గీతలు కనబడగానే నన్ను ఎత్తుకుని వంటింట్లో గిరగిరా తిప్పావు చూడు, ఇంకా నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. కానీ ఇప్పుడు ఒక భయం పట్టుకుంది.

పప్పు వేడి చేసుకో. కాఫీ పొడి డబ్బా పక్కింటివాళ్లకు ఇచ్చెయ్. నేను ఫోన్‌లో బతిమాలినా మళ్లీ తేకు.

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. రోజుకు రెండు చిన్న కప్పులు దాటితే బిడ్డ బరువు తగ్గొచ్చట, గర్భానికీ ప్రమాదం ఉండొచ్చట. ఎయిర్‌పోర్టులో మా కాఫీ కౌంటర్ సంగతి నీకు తెలుసు. మిషన్ కడిగిన ప్రతిసారీ రుచి చూసేది నేనే. గుక్కే అయినా డ్యూటీ అయ్యేసరికి నాలుగైదు కప్పులవుతుంది. ఇన్నాళ్లూ తెలియక తాగాను.

ఇక తాగనంటే మేనేజర్ ఎందుకని అడుగుతుంది. చెప్పలేను. "మూడు నెల్లు నిండేదాంక ఎవ్వలకు చెప్పకు బిడ్డా, దిష్టి తగుల్తది" అని అత్తమ్మ పొద్దున ఫోన్‌లోనే నాతో ఒట్టు వేయించుకుంది. నువ్వేమో పక్కనే నవ్వుతూ నిలబడ్డావు!

ఈ పూటకు పంటినొప్పి అని తప్పించుకుంటాను. రోజూ చెల్లదు. రేపు పొద్దున్నే జల్‌పల్లి వెళ్లి, ఒట్టు తీసెయ్యమని అత్తమ్మ కాళ్లు పట్టుకుంటాను. మధ్యాహ్నం మేనేజర్‌కు చెప్పేస్తాను. బండిలో పెట్రోలు పోయించి పెట్టు.

— స్రవంతి

దిష్టి తగిలితే అత్తమ్మ ఉప్పుతో తీసేస్తుంది. కడుపులోకి పోయిన కాఫీని ఎవరు తీస్తారు? రేపు ఈ మాట ఆమెతో నువ్వే అనాలి.