టోపీ మీద ఊడిన పచ్చ దారం

దుబాయి, గురువారం

జోఖా అక్కకు ముహన్నా సలాం. మేం క్షేమం.

నీ మరదలు షంసా కళ్ల సంగతి అడిగావు. ఆపరేషన్ తరువాత చూపు ఎంత వచ్చిందో నిన్నటిదాకా నాకూ తెలియదు. నిన్న పెద్ద మాల్‌లో ఈ ఊరివాళ్లలా తెల్ల తలగుడ్డ కొని చుట్టుకుని, ఆమె కుట్టిన మన ఊరి టోపీ జేబులో పెట్టుకున్నాను. వెనక్కి తిరిగితే ఆమె లేదు. ఫోను గదిలోనే మరిచింది. గంటసేపు వెతికాను. చివరికి గుడ్డ తీసి, టోపీ పెట్టుకుని, మెట్ల దగ్గర నిలబడ్డాను. పై అంతస్తు నుంచి, మా అబ్బాయి పేరుతో నన్ను పిలుస్తూ, షంసా కేక వినిపించింది.

"మాజిద్ నాన్నా! కదిలావంటే చూడు! నువ్వే అనుకుని ఎవరి తెల్ల అంగీ వెంటో బంగారం కొట్టుదాకా పోయాను!"

"అంత పైనుంచి ఎలా పోల్చావు?"

"నా కుట్టు నాకు తెలీదా? నడినెత్తిన పచ్చ దారం ఊడింది. సిగ్గులేదూ, అది పెట్టుకుని ఊళ్లు తిరగడానికి!"

శనివారం కాలువ నీళ్ల వంతు మనది. మరవవద్దని బావతో చెప్పు. తలగుడ్డ ఆయనకే తెస్తున్నాను. నిజ్వా సంతలో పచ్చ దారం రెండు ఉండలు కొని ఉంచు. రెండేళ్లుగా సూది పట్టని మనిషి, ఇంటికి రాగానే కొత్త టోపీ మొదలుపెడతానంటోంది.

పిల్లలను అల్లా చల్లగా చూడాలి.

నీ తమ్ముడు