సొరంగం అవతలి వైపు

అక్కా, నా దగ్గు తగ్గింది, బెంగపెట్టుకోకు.

ఇక్కడ బొమ్మరైళ్ల పిచ్చివాళ్లం నలుగురం ఆదివారాలు ఒక గదిలో పట్టాలు పరుచుకుంటాం. మొన్న అట్టతో సొరంగం కట్టాం. రైలు అందులోకి దూరగానే, చిన్నప్పుడు నాన్న మంచం కింద నుంచి నేను మన ఇంజనును నీ వైపు తోసినప్పటిలాగే, "అక్కా, పట్టుకో!" అని అరిచేశాను. అందరూ పగలబడి నవ్వారు. గడియారాలు బాగుచేసే పెద్దాయన మాత్రం లేచి వెళ్లి, అవతల చతికిలబడి, "వదలవయ్యా, మీ అక్క వచ్చేదాకా నేను పట్టుకుంటాలే" అన్నాడు.

మన ఎర్ర ఇంజను అటక మీదే ఉందా, పిల్లలు చక్రాలు పీకేశారా? బావ మోకాలు ఎలా ఉంది? ఇంజను ఎవరిచేతా పంపకు, నువ్వే పట్టుకురా.

బావకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. తొందరగా రా అక్కా, నేల మీద కూర్చుని కూర్చుని ఆ పెద్దాయనకు నడుం పట్టేస్తోంది.

నీ తమ్ముడు